దొరసానిగారి జ్వరం

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో కొందరం ఒక జీవితచరిత్ర గురించి ఎవరికి తోచింది వారు చెప్పుకున్నాం. ఎవరో తెచ్చిన పాత ప్రతిలోంచి ఎండు వేపాకు వాసన వచ్చింది. నాకు భీమడోలులో మా చిన్నప్పటి స్త్రీల కూటం గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. శుక్రవారం మధ్యాహ్నం మందిరం వసారాలో పాస్టరుగారి భార్య ఒక మిషనరీ డాక్టరు దొరసాని జీవితచరిత్రను వారానికో అధ్యాయం చదివేవారు. పాస్టరుగారి భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. చదవడం అయ్యాక ఒక్కొక్కరూ లేచి తమకు తోచింది చెప్పాలి.

ఒక వారం దొరసానికి విషజ్వరం వచ్చిన దగ్గర అధ్యాయం ఆగింది. కూటంలో ఎవరు జబ్బుపడినా అందరూ ప్రార్థించడం మా అలవాటు. అందుకని నేను ఆ వారమంతా ఆవిడ కోసం మోకరించాను.

మరుసటి శుక్రవారం దొరసాని చనిపోయింది. నేను భోరుమన్నాను.

"నేను ప్రార్థన చేశాను కదండీ! దేవుడెందుకు వినలేదండీ?"

"ఓసి పిచ్చిపిల్లా, ఆవిడ మీ అమ్మమ్మ పుట్టకముందే పోయారే!" అంది కొల్లేటికోట నుంచి పడవలో వచ్చే మరియమ్మత్త. వసారా అంతా నవ్వింది.

అమ్మగారు నవ్వలేదు. "ఈవేళ ముగింపు ప్రార్థన నువ్వే చెయ్యమ్మా" అన్నారు.

కళ్ళు తుడుచుకుని లేచాను. "ప్రభువా, దొరసానిగారిని నీ దగ్గరికి తీసుకెళ్ళిపోయావు. ఇక ఆవిడ ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను ఎవరు చూస్తారు? వాళ్ళను నువ్వే బాగుచెయ్యి."

ఆ రోగులు కూడా ఎప్పుడో పోయారని నాకు తట్టలేదు. అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది మరియమ్మత్తే.

మొన్న నా వంతు వచ్చినప్పుడు, భాష బాగుందని చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చి మోకరించబోతే మోకాళ్ళు వంగలేదు. మంచం మీదే కూర్చుని, ఆ పుస్తకంలోని మనుషులందరి కోసం దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.