బాత్రూంలో దాక్కున్న రక్షణ మంత్రి

గ్రూప్స్ కోచింగ్ కోసం అమీర్‌పేటలో చేరి, ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉన్న రోజులవి. ఏ మంత్రి ఏ పని చూస్తాడో ఎంత చదివినా గుర్తుండక, మా గదిలో నలుగురం శాఖలు పంచుకున్నాం. నాకు విదేశాంగం, రక్షణ వచ్చాయి. హాస్టల్ ఆంటీతో మాట్లాడటం విదేశాంగం. పాస్‌పోర్టులు కూడా ఆ శాఖవే కాబట్టి, ఆదివారం పంజాగుట్టలో షాపింగ్‌కు పోవడానికి అందరికీ పర్మిషన్ ఇప్పించడం నా పనే. రక్షణకు మాత్రం పనే ఉండదని మురిసిపోయాను.

పరీక్ష రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే, కిటికీలోంచి ఒక కోతి లోపలికి దూకింది. నేరుగా నా మంచమెక్కి హాల్‌టికెట్ అందుకుంది.

"రక్షణ మంత్రీ, జల్ది పో!" అని నా రూమ్మేట్ రమ్య నన్ను ముందుకు తోసింది.

నేను బాత్రూంలోకి ఉరికి గడియ పెట్టుకున్నాను. "ముందు చర్చలు జరపండే!" అని లోపలి నుంచే అరిచాను.

చివరికి, మా మంత్రివర్గం సంగతి తెలిసిన ఆంటీ రెండు అరటిపండ్లతో వచ్చి హాల్‌టికెట్ విడిపించింది. ఒక మూల చిరిగింది గానీ నా ఫొటో బతికింది. ఆంటీ తలుపు కొట్టి, "బయటికి రా బిడ్డా, యుద్ధమైపోయింది. గీ రక్షణ నేను చూసుకుంట. నువ్వు పాస్‌పోర్టులే చూస్కో" అంది.

పరీక్షలో పాస్‌పోర్టులు ఏ శాఖ కిందికి వస్తాయని అడిగారు. గర్వంగా జవాబు బబుల్ దిద్దాను. తర్వాతి ప్రశ్న రక్షణ మంత్రి బాధ్యతల గురించి. జవాబు తెలుసు. దిద్దడానికే మొహం చెల్లలేదు.