బండ కింది చెట్లు

మా వంటింటి గట్టు మీద అరచేయంత నాపరాయి ముక్క ఒకటుంది. దాని మీద నాలుగు నీటిచుక్కలు పడితే చాలు, ఆ తడిరాతి వాసనకు నేను తాండూరులో మా నాయన బండల దుకాణంలో తొమ్మిదేళ్ల పిల్లనై నిలబడతాను.

కోత మిషను రొద, ముక్కులోకి దూరే తెల్లదుమ్ము, కాళ్లు కాల్చే బండల మధ్య తొక్కుడుబిళ్ల ఆడుకునేదాన్ని. ఒకనాడు దుకాణంలో పనిచేసే మల్లమ్మ ఓ బండ మీద బకెట్ నీళ్లు కుమ్మరించింది. అప్పటిదాకా వట్టి బూడిదరంగులో ఉన్న రాయిలో నల్లటి చెట్లు లేచాయి, సన్నటి కొమ్మలూ రెమ్మలతో సహా, గుట్టల వెంబడి బారులు తీరినట్టు. నాకు ఏడుపొచ్చింది. దెబ్బ తగల్లేదు, ఎవరూ తిట్టలేదు, అయినా ఏడుపే.

"ఎవరు గీసిన్రు?" అనడిగాను.

"ఎవ్వరు గీయలే బిడ్డా, రాయిల్నే ఉన్నది," అంది మల్లమ్మ.

ఎండకు ఆరి చెట్లు మాయమైన కొద్దీ మళ్లీ పోశాను. సాయంత్రానికి నీళ్ల తొట్టి అడుగంటింది.

బండల వ్యాపారంలో దాన్ని బొమ్మ అనరు, మచ్చ అంటారు. మచ్చ బండను ఎవరూ ఇంట్లో పరవరు. వికారాబాదులో ఇల్లు కడుతున్న మా మేనత్తకు బట్టలుతకడానికైనా పనికొస్తుందని నాయన దాన్ని లారీ ఎక్కించాడు. రెండు పూటలు అలిగి, మూడో పూట అమ్మ పెట్టిన పప్పుచారు వాసనకు ఓడిపోయాను.

దసరా సెలవులకు రైలెక్కితే ధారూరు దాటేసరికే నాకు కాళ్లు ఆగలేదు. అత్త బుట్టెడు సీతాఫలాలు ముందు పెట్టినా ముట్టకుండా పెరట్లోకి పరిగెత్తాను. ఉతకడానికి గరుకే కావాలి కనుక మేస్త్రీ గరుకు వైపు పైకి వేసి, బండను రెండు రాళ్ల మీద నిలిపాడు. నా చెట్లన్నీ బోర్లా పడి ఉన్నాయి. తడిగుడ్డ పట్టుకుని కిందికి దూరి, సబ్బునీళ్లలో వెల్లకిలా పడుకుని తుడిచాను. ముఖానికి జానెడు దూరంలో అడవి తేలింది. మళ్లీ అదే ఏడుపొచ్చింది.

"బండ కింద ఏం జేస్తున్నవే?" అంది అత్త.

"చెట్లు చూస్తున్న. నువ్వు గూడ రా అత్తా."

"మచ్చను జూసి ఏడుస్తున్నవా? పిచ్చి లేసిందా బిడ్డా?" అని నవ్వేసింది. ప్రతి దసరాకూ పిలిచాను. ఒక్కసారీ వంగలేదు. ఇంకొకరెవరైనా చూసి ఏడిస్తే బాగుండు, నాది పిచ్చి కాదని తేలిపోతుందని ఎంత ఆశపడ్డానో.

పోయిన నెల అత్త ఫోన్ చేసింది. "మిషనొచ్చినంక ఎవలు ఉతుకుతున్నరని గా బండ తీపిచ్చిన. లేపంగనే పలిగింది. నీ మాట యాదికొచ్చి చెంబెడు నీళ్లు పోసిన. గిన్నేండ్లు దానిమీదనే ఉతికితి. ఒక్కపారి వంగి సూడకపోతి. ఏడుపొచ్చింది బిడ్డా, ఎందుకో నాకు ఎర్కలే."

మా బండల దుకాణం లేదు, మల్లమ్మ లేదు, ఆ ఉతికే బండా లేదు. అత్త పంపిన ఈ ముక్కలో మిగిలింది ఒక్క కొమ్మ. రోజూ నీళ్లు చల్లుతాను, అది ఆరేదాకా అక్కడే నిలబడతాను.