నల్లపెట్ట కూర్చున్న చోటు

మా ఇంటావిడ పోయి ఇరవై రోజులైంది. బెజవాడ ఆసుపత్రిలో, తెల్లవారుజామున. తిరువూరులో చాలామందికి ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళు మాత్రం ఇంకా మా గేటు దగ్గరికి వచ్చి, "అక్కా, పొదిగే పెట్ట ఏమన్నా ఉందా?" అని కేకేస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివారికీ చెప్పాలి. విడివిడిగా చెప్పే ఓపిక తగ్గి ఇలా రాస్తున్నాను.

మా వీధిలో ఎవరి పెట్ట గుడ్ల మీద కూర్చోకపోయినా ఆ గుడ్లు మా ఇంటికే వచ్చేవి. ఆమె పాత గంపలో ఊక పోసి, పైన గడ్డి సర్ది, ఒక్కో గుడ్డుకీ బొగ్గుతో గీత పెట్టి అమర్చేది. పెట్ట మేతకి లేచినప్పుడు వేరే కోడి వచ్చి అందులో గుడ్డు పెట్టిపోతుంది. గీత లేనిదాన్ని తీసేయాలి. వారం రోజులయ్యాక ఒక్కోదాన్నీ తలుపు సందులోంచి వచ్చే ఎండకి ఎదురుగా పట్టి, లోపల నరాలు కనపడనిదాన్ని పక్కన పెట్టేది. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని గంపలో ఒక ఇనుప మేకు కూడా ఉంచేది. ఉరుముకీ మేకుకీ సంబంధం ఏమిటని ఒకసారి అడిగాను. నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి.

"లేకపోతే పోయె. మేకేమన్నా గింజలు తింటుందా?" అంది.

నేను పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాని. ఒక ఏడు సమితి తరఫున పంచిన తెల్లకోళ్ళు రెండు ఇంటికి తెచ్చాను. దాదాపు రోజూ గుడ్డు పెట్టేవి. నాకు గర్వంగా ఉండేది. ఆమె ఆర్నెల్లు ఊరుకుని చూసింది.

"ఇవి మీలాంటివండీ," అంది ఒకరోజు.

"అంటే?"

"పని బాగా చేస్తాయి. ఒకచోట కూర్చోవు."

నిజమే. నేను కాఫీ కూడా తిరుగుతూ తాగుతాను. అన్నం మధ్యలో లేచి రేడియో సరిచేస్తాను. "ఈయన్ని గంప కింద కమ్మాలి" అని ఎదురింటి పిన్నిగారితో అంటూండేది.

ఆమెకి జబ్బు ముదిరి బెజవాడ తీసుకెళ్ళేనాటికి మా నల్లపెట్ట పదమూడు గుడ్ల మీద కూర్చుని తొమ్మిదో రోజు. బస్సెక్కే ముందు నాకు అప్పగింతలు పెట్టింది.

"ఇది ఆకలి కూడా మర్చిపోతుందండీ. మధ్యాహ్నం ఎండలో మీరే ఎత్తి బయట పెట్టాలి. గింజలు తిని, నీళ్ళు తాగి, దుమ్ములో పొర్లి, దానంతటదే వెళ్ళి కూర్చుంటుంది. పావుగంట. అంతదాకా అక్కడే నించోండి."

"నించోవడం కూడా రాదా నాకు?"

"చూద్దాం," అంది.

ఆసుపత్రిలో మా మరదలు తోడుండేది. ఎమర్జెన్సీ రోజులు కనుక నాకు పూర్తి సెలవు దొరకలేదు. పొద్దున ఆఫీసు, మధ్యాహ్నం బస్సుకి బెజవాడ, మర్నాడు తొలి బస్సుకి మళ్ళీ తిరువూరు. మూడు రోజులు ఆమె చెప్పినట్టే నించున్నాను. నాలుగో రోజు పెట్టను బయట పెట్టి, మిగతా కోళ్ళు లోపలికి పోకుండా గంప ఉన్న కోళ్ళ గది తలుపు మూసి గడియ పెట్టాను. జాగ్రత్త అనుకునే పెట్టాను. రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది. సంచి తీసుకుని పరుగెత్తాను.

మర్నాడు వచ్చేసరికి నల్లపెట్ట ఆ మూసిన తలుపు ముందు, వట్టి నేల మీద, రెక్కలు పరుచుకుని కూర్చుని ఉంది. లోపల గుడ్లు చల్లబడి ఉన్నాయి. గడియ తీయగానే వెళ్ళి వాటి మీద కూర్చుంది.

ఆ సాయంత్రం ఆమె ఆసుపత్రి మంచం మీద నుంచి అడిగింది.

"పెట్ట తిన్నదా?"

"తిన్నది."

"మళ్ళీ కూర్చుందా?"

"కూర్చుంది."

ఆఫీసు ఉత్తరాలు రాసేవాణ్ణి. అబద్ధం ఆడకుండా నిజం దాచడం నాకు తెలుసు. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "ఇంకా ఏడు రోజులు" అంది. ఆ తర్వాత ఆమె మూడు రోజులే ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు గుడ్లు తీసి పెరటి మూల పాతిపెట్టాను, బొగ్గు గీతలతో సహా. పెట్ట మాత్రం లేవలేదు. వట్టి గడ్డి మీద కూర్చునే ఉంది. నేను ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. ఎత్తి చూస్తే దానికి బరువే లేదు.

"నీళ్ళల్లో ముంచి తియ్యి అబ్బాయ్. రెండ్రోజులు తడిస్తే అదే మానుకుంటుంది. లేకపోతే అలాగే ఎండి చస్తుంది," అన్నారు పిన్నిగారు.

మా ఇంటావిడ ఏ పెట్టనీ ముంచనివ్వలేదు. "దానికో పని చూపిస్తే సరి, నీళ్ళెందుకు" అనేది. ఏ పని చూపించను? మళ్ళీ గుడ్లు పెడితే ఇంకో మూడు వారాలు కూర్చునే సత్తువ దానికి లేదు.

మొన్న ఆదివారం సాయంత్రం బకెట్లో నీళ్ళు నింపాను. పెట్టను చేతుల్లోకి తీసుకున్నాను. అప్పుడు గేటు దగ్గర "అక్కా" అని కేక.

ఎ.కొండూరు ఆవిడ. ఏడాది కిందట మా పెట్టను తీసుకెళ్ళి, గుడ్లు పొదిగించి పిల్లలు లేపుకున్న మనిషి. చేతిలో బుట్ట, దాని మీద పాత చీరముక్క.

"అక్క లేదాండీ?"

చెప్పాను. అరుగు మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా చేతిలో పెట్టనీ బకెట్టునీ చూసింది.

"ఏంటండీ, ముంచుతున్నారా?"

జరిగింది చెప్పాను. ఎవరికీ చెప్పని గడియ సంగతి కూడా చెప్పాను.

"తలుపేసి పోయారా, అయ్యో," అంది. "అక్క అనేది లెండి, 'మా ఆయన చేతికి పెట్టనిస్తే అది కూడా బస్సెక్కుద్ది' అని."

నాకు నవ్వొచ్చింది. ఆమె పోయాక అదే మొదటిసారి.

ఆవిడ బుట్ట మీది గుడ్డ తీసింది. తొమ్మిది కోడిపిల్లలు. "లేచి రెండ్రోజులే. నిన్న తల్లిని బావురుపిల్లి ఎత్తుకుపోయింది. అక్క దగ్గర కూర్చున్న పెట్ట ఉంటే కింద పెడదామని వచ్చా."

"పొడుస్తుందేమో."

"వెలుతురుంటే పొడుద్ది. పొద్దుగూకాక ఒక్కోదాన్నీ వెనకనుంచి రెక్క కిందికి తొయ్యాలి. తోసి ఇంక చూడకూడదు, గొంతు వినాలంతే. గుర్రుమంటుంటే తీసెయ్యాలి. కొక్ కొక్ అని మెల్లగా పిలిచిందంటే ఒప్పుకున్నట్టే. అక్క నేర్పిందే."

"మీరు ఉండండి."

"నాకు బస్సు టైమైందండీ. ఇంటి దగ్గర గేదెలున్నాయి."

ఆవిడ వెళ్ళాక బకెట్టు నీళ్ళు కనకాంబరాలకి పోశాను. వంటింట్లో మేకుకి వేలాడుతున్న డబ్బా దించాను. జల్లెడ పట్టిన సన్న నూకలు. పుట్టబోయే పిల్లల కోసం, బెజవాడ వెళ్ళే ముందు రోజు ఆమె పట్టి ఉంచినవి.

పొద్దుగూకింది. ఒక్కోదాన్నీ తోశాను. ఎనిమిదోదానికి పెట్ట గుర్రుమని నా చెయ్యి పొడిచింది. తొమ్మిదోదాన్ని కూడా తోశాను. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. గడియ పెట్టలేదు. బావురుపిల్లి గుర్తొచ్చి, తలుపుకి వీపు ఆన్చి గుమ్మంలో కూర్చున్నాను.

రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది. నేను లేవలేదు.

లోపల గుర్రు ఆగింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత గడ్డి కదిలింది. కొక్, అంది. కాసేపటికి మళ్ళీ, కొక్.

నా వీపుకి ఆనిన తలుపు చెక్క వెచ్చబడింది.