కుళ్లాయప్ప ఇచ్చిన మంత్రి

తనకల్లులో షేరు ఆటో నిండాలంటే ఎంత లేదన్నా అరగంట పడుతుంది. ఆ అరగంటలో కుళ్లాయప్ప ఫోన్లో ఆరు ఆటలు చదరంగం ఆడేస్తాడు. మనిషికి మూడు నిమిషాలు, అంతే. అవతల ఆడేది ఏ దేశపువాడో తెలియదు, అక్కర కూడా లేదు. రెండో ఎత్తుకే రాజు పక్కన బంటును తీసుకెళ్లి వాడి నోటి ముందు పెడతాడు. వాడు ఆశపడి తింటే గుర్రాన్నీ ఇచ్చేస్తాడు. తిన్నది అరిగేలోపు వాడి రాజు దిక్కులేక నడిబజార్లో నిలబడి ఉంటాడు. ఇలా ఎర వేసి ఆడడాన్ని గాంబిట్ అంటారని అతనికి ఫోనే నేర్పింది. పది తప్పిన మనిషికి లోకంలో గట్టిగా వచ్చిన విద్య ఇదొక్కటే.

"ఏమప్పా కుళ్లాయప్పా, ఆ గుర్రం సస్తే సావనీ, బండి తియ్యి. ఎండకు మేం సస్తాండాం ఈడ," అని వెనక సీట్లోంచి ఓబమ్మ అరిచేది.

"ఇంకొక్కరు రానీ అత్తా," అనేవాడు తలెత్తకుండా.

స్టాండు ఎదురుగా సెల్‌ఫోన్ల అంగడి గిరిది. అనంతపురంలో డిగ్రీ చదివి వచ్చినవాడు, కాలేజీలో పోటీలు కూడా ఆడినవాడు. అయినా గాంబిట్లు నేర్చుకుంది మాత్రం కుళ్లాయప్ప దగ్గరే, ఆటో ముందు సీట్లో భుజం భుజం ఆనించి కూర్చుని.

ఈ మధ్య కదిరిలో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు కరపత్రాలు పంచారు. ఆదివారం చదరంగం పోటీ. గెలిచినవాళ్లకు చెస్ మాస్టారు ఉద్యోగం, చదువుతో పని లేదు. పద్నాలుగేళ్లు హ్యాండిలు పట్టి నడుం పోగొట్టుకున్న కుళ్లాయప్పకు ఆ కాగితం చూశాక నిద్ర పట్టలేదు.

"గెలిస్తే నిన్ను సారూ అంటారా?" అంది భార్య భారతి, చొక్కా ఇస్త్రీ చేస్తూ.

"అంటారు."

"నేనూ అనాల్నా?"

"నువ్వు అనకపోతే నేను మాట్లాడను," అని నవ్వాడు.

పోటీలో బల్లకో గడియారం పెట్టారు. అలాంటిది అతను ముట్టుకోవడం అదే మొదలు. ఎత్తు వేసి తన వైపు మీట నొక్కితేనే తన టైం ఆగి ఎదుటివాడిది నడుస్తుంది. ఫోన్లో ఆ పని ఫోనే చేసుకుంటుంది. "మీట, మీట," అని గొణుక్కుంటూ మూడు ఆటలు గెలిచాడు. ఆఖరి ఆటకు ఎదురుగా వచ్చి కూర్చున్నది గిరి.

బంటు ఇచ్చాడు, గుర్రం ఇచ్చాడు. గిరికి అవన్నీ తెలుసు, ఆచితూచి ఆడాడు. అప్పుడు కుళ్లాయప్ప ఎవరికీ చూపించనిది, తనంతట తాను కనిపెట్టినది బయటికి తీశాడు. మంత్రిని తీసుకెళ్లి గిరి రాజు పక్కన పెట్టాడు. తినక తప్పదు, తింటే రెండెత్తుల్లో ఆట కట్టు. ఆ సంతోషంలో చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. మీట నొక్కలేదు.

గిరి గడియారం చూశాడు. రెండు చేతులతో తల పట్టుకుని బల్ల మీదికి వంగిపోయాడు.

పాపం, ఆలోచించుకోనీ అనుకున్నాడు కుళ్లాయప్ప. తను చూస్తుంటే వాడికి కంగారు పుడుతుందని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు కూడా. తన గడియారంలో మిగిలిన మూడు నిమిషాలూ అలాగే అయిపోయాయి.

గిరి చెయ్యెత్తాడు. "సార్, అన్న టైం అయిపోయింది."

పోటీ పెట్టిన పెద్దమనిషి వచ్చి చూశాడు. బల్ల మీద ఆట ఎవరిదో ఆయనకూ తెలిసింది. "మీట నొక్కల్ల కదప్పా. రూలు రూలే," అన్నాడు.

"నాది నడుస్తాండేది సూసినావా గిరీ?"

"సూసినా అన్నా. చెప్పాలని రూల్లో ల్యాదు."

రూల్లో లేదు, నిజమే. అన్నా అని పిలవమని కూడా ఏ రూల్లోనూ లేదు. కుళ్లాయప్పకు ఓడినందుకు కాదు, వాడి మీద జాలిపడి ముఖం తిప్పుకున్నందుకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి చొక్కా విప్పి మూలకు విసిరేశాడు. భారతి దాన్ని తీసి మళ్లీ మడతపెట్టింది.

పది రోజులకు గిరి ఆటో దగ్గరికి వచ్చాడు, మెడలో స్కూలు కార్డుతో, చేతిలో నోటుబుక్కుతో.

"అన్నా, ఆ మంత్రిని ఇచ్చే ఎత్తు పిల్లోల్లకు చెప్పాల. నాకు సగమే అర్థమైంది. ఒకసారి సూపీ అన్నా."

పొమ్మనడానికి నోరు తెరిచాడు కుళ్లాయప్ప. కానీ ఆ ఎత్తును వీడు పిల్లలకు తప్పుగా చెబుతాడేమోనన్న బాధ కోపం కంటే పెద్దదైంది. ఫోను తీసి మొదటి బంటు నుంచి ఆట కట్టు దాకా అంతా చూపించాడు. గిరి ఒక్కో ఎత్తూ రాసుకున్నాడు.

"దీనికి పేరేమని చెప్పాలన్నా?"

"నీ పేరే పెట్టుకోప్పా," అన్నాడు కుళ్లాయప్ప.

అది ఎత్తిపొడుపని గిరికి తట్టనే లేదు. "సరే అన్నా," అని పైన తన పేరు రాసి, కింద గీత కూడా గీసుకున్నాడు.