ఒక్కరోజు ఆలస్యం

సిద్దిరాములు సేటు బాకీ అడగడానికి ఎప్పుడూ ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లేవాడు. మూడేళ్లు దాటిన ప్రామిసరీ నోటు కోర్టులో చెల్లదు. సరిగ్గా అలా కాలదోషం పట్టిన మర్నాడే ఆయన సైకిలెక్కేవాడు.

బోధన్ బజార్లో ఆయనది కిరాణా కొట్టు. చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరకు బిల్లు వచ్చేదాకా రైతులకు నోటు మీద అప్పులిచ్చేవాడు. మిగతా సేట్లు నెల ముందే నోట్లు తిరగరాయించుకునేవారు. మన సేటు గడువు దాటాక రైతు వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అరిచేవాడు.

"నా పైసలేవిరా?"

"గడువు నిన్ననే అయిపాయె గద సేటూ!"

"అయ్యో! సైకిల్ పంచరైందిరా, లేకుంటే నిన్ననే వస్తుంటి!"

ఊరు పగలబడి నవ్వేది. అందరికంటే గట్టిగా బాకీదారు నవ్వేవాడు. ఒకసారి పంచరు బదులు గ్రహణమన్నాడు. ఆ నెల గ్రహణమే లేదని పంచాంగం చూపిస్తే, "మా ఇంటి దిక్కు పట్టింది" అన్నాడు.

1968లో చందూరు ఊరి రైతు లాజరు నోటు గడువుకొచ్చింది. ఆరు వందలు. ఆ ఏడు ఎర్రకుళ్లు తెగులు తగిలి లాజరు చెరకంతా పొయ్యిపాలైంది. మిగిలింది ఎకరన్నర భూమి. సేటు భార్య గంగమణి, రోజూ వాళ్ల కొట్లో పేపరు చదువుకునే నన్ను పిలిచింది.

"సారూ, మీరు వెంట పోండ్రి. ఇయ్యాలనే ఆఖరు. కొత్త నోటు మీద సంతకం పెట్టించుకోని రాండ్రి. రేపు పైసలియ్యకుంటే కోర్టుల ఆ భూమన్న అమ్మిద్దాం."

రెండు సైకిళ్ల మీద బయల్దేరాం. దారిలో వర్ని ఊరు దాటగానే సేటు దిగి ముందు చక్రం దగ్గర వంగాడు. బుస్సుమంది. చేతిలోదేదో చెరకు తోటలోకి విసిరాడు.

"సారూ, పంచరైంది!"

"చూసిన సేటూ. వాల్వు పారేసినవు."

ఆయన రోడ్డు పక్కనే కూలబడ్డాడు. "మాఫ్ చేసిన అంటే లాజరు రేపటి సంది నాకు తల వంచుకుంటడు సారూ. నేను మర్సిపోయిన పిచ్చోన్నయితే నవ్వుకుంట దుకాణంకొస్తడు. గిరాకీ గూడ పోదు."

"మరి నా సైకిలుంది గద?"

ఆయన నా సైకిలును చూశాడు. నన్ను చూశాడు. నేనే వంగి నా వాల్వు ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను.

"గిది పారెయ్యకు. మల్ల కావాలె."

బోధన్ దాకా నడిచాం. గంగమణి రెండు చక్రాలూ నొక్కి చూసింది. "సారు సైకిల్ గూడ గిట్లనే సెడిపాయె!"

రెండేళ్లకు పంట పండి, లాజరు ఆరు వందలూ తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు.

"ముట్టుకోను! కాలదోషం పట్టిన పైసలు. చట్టం ఒప్పదు!"

"సట్టం గట్ల లేదు సేటూ!"

"నీకెరుకనా, నాకెరుకనా?"

లాజరు డబ్బు తీసుకుని వెళ్లి, గంటలో కొత్త సైకిలు పంపుతో వచ్చాడు. "గిది బాకీ కాదు. నీ సైకిల్ల గాలి నిలుస్తలేదని చందూరంత ఎరుకే సేటూ."

సేటు ముఖం వాడిపోయింది. ఉన్న ఒక్క సాకూ పోయె!

సాయంత్రానికి కొట్లో పంపు లేదు.

"పంపేది?" అంది గంగమణి.

"ఒకనికి బదులిచ్చిన."

"పోయి అడుక్కరా!"

"అడుగుతనే. మూడేండ్ల మీద ఒక్కరోజు కానియ్యి!"