గడి మారొద్దన్న కాక

పోయిన మంగళవారం, మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతవాళ్ల పేట అయిన నీలం నగర్‌లో మా పక్కింటి కాక పోయాడు. కబురు చెప్పడానికి వచ్చిన ఆయన కొడుకు ఏడుస్తూనే నాకొక పని అప్పగించాడు. "అక్కా, నాయినది ఒక్కటే ఫోటో ఉన్నది. పెద్దగ చేపియ్యి." సరే అన్నాను. ఎంత పెద్దగా అని అడగాలని తోచలేదు.

కాక చాదర్లకు, అంటే మగ్గం దుప్పట్లకు, నక్షాల డిజైన్లు గీసేవాడు. గడుల కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు, పది గడులకొక ముదురు గీత. పెన్సిల్‌తో తడుతూ పదిదాకా తెలుగులో, ఆపైన మరాఠీలో లెక్కపెట్టేవాడు. అలా ఎందుకని అడిగితే, "నాకేమెర్క? బడిల పంతులు మారిండు" అనేవాడు.

ఎమ్మెస్సీ చివర్లో నా రసాయనశాస్త్రం రిపోర్టు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారీ వస్తే ఆ ఏడు పోయినట్టే. కాలేజీకి కొత్తగా వచ్చిన కంప్యూటర్‌లో అణువుల బొమ్మలు గీసి, ఒక్కోదాన్ని మూల పట్టుకుని లాగి పేజీ నిండేలా సర్దాను. సార్ "సైజులు చూసుకో" అని మాత్రం రెండుసార్లూ రాశారు. బొమ్మలన్నీ ఒకే సైజులో ఉన్నాయి కదా, ఇంకేం చూసుకోవాలో నాకు అంతుపట్టలేదు.

వాకిట్లో ఆ కాగితాలు తిరగేస్తుంటే కాక తొంగి చూశాడు.

"ఈ ఆరు మూలలది, ఆ పేజీలది ఒకటేనా?"

"ఒకటే కాకా. బెంజీన్. అక్కడ పెద్ద అణువుల ఒక ముక్క."

"మరి ఇక్కడ పళ్లెమంత, అక్కడ పెసరగింజంత ఎట్లున్నది? గిట్ల గుంజితే చాదర్ ఖరాబైతది."

"పెద్ద అణువు పేజీల పట్టది కదా!"

"ముందుగాల అన్నిట్ల పెద్దదాన్ని పట్టియ్యి. దాని గీత ఎంతుంటే అన్నిటికి గదే గీత. గడి మారొద్దు బిడ్డా."

"చిన్నదాని చుట్టు అంత ఖాళీ ఉంటది."

"ఉండనియ్యి. ఖాళీ గూడ బట్టనే."

నాకు నమ్మకం కుదరలేదు. వేరే దారి లేక, గీత పొడవు ఒకటే పెట్టి, ఏ మూలా లాగకుండా అన్నీ మళ్లీ గీశాను. అక్షరాలు కూడా ఒక్క తీరున వచ్చాయి. రిపోర్టు వెనక్కి రాలేదు. సంబరంగా కాక నాకొక గడుల కాగితం ఇచ్చాడు. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే పుస్తకంలో పేజీ గుర్తుగా అదే ఉంటుంది. సార్లు చాలామంది చదువు చెప్పారు గానీ, ఇది మాత్రం కాకే చెప్పాడు.

మొన్న స్టూడియో అతను "ఏ సైజ్?" అన్నాడు. చిన్నగా చేయిస్తే కాకను తగ్గించినట్టు, మరీ పెద్దగా చేయిస్తే ఆయన మా కాకే కానట్టు. ఫోటోను మళ్లీ చేతిలోకి తీసుకుని చూశాను. ఫోటోలో కాక నక్షా కాగితాన్ని ఎదకు పట్టుకుని నవ్వుతున్నాడు. పుస్తకంలోంచి, కాక ఇచ్చిన అదే కొలత గడుల కాగితం తీసిచ్చాను.

"ఫోటోలోని ముదురు గీతల గడి ఈ కాగితం గడికి సరిగ్గా కలిసేదాకా పెంచు."

దుకాణంలో ఉన్న ఏ ఫ్రేమూ దానికి సరిపోలేదు. తప్పు చేశానో ఏమో తెలియకుండానే తెచ్చి కాక ఇంట్లో గోడకు ఆనించాను. కాక భార్య, మా చిన్నమ్మ, మెల్లగా వచ్చి, ఫోటోలోని ఆయన చేతి మీద తన చెయ్యి పెట్టింది.

"ఆయన చెయ్యి బరోబర్ గింతే ఉండె" అంది. చెయ్యి తియ్యలేదు.