టేపుకు రెండో పక్క

"నా పెట్టె అయిదడుగులని చెప్పు. మీటర్లల్లో చెప్పినావంటే లేచొస్తా."

"నోరు మూసుకోని పండుకో అక్కా."

రాహేలక్కా నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవే. పంతొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో, ఆళ్లగడ్డలో, ఆమె మంచం పక్కన. పెట్టె అంటే శవపేటిక; వాళ్లు క్రైస్తవులు. మధ్యాహ్నానికి ఆమె లేదు.

ఈ పొద్దు నా తోడబుట్టిన అక్క కూతురు సుజాత నా పాత కొలతల టేపు సాగిపోయిందని కొత్తది తెచ్చిచ్చింది. కొత్త టేపు మైనపు వాసన ముక్కుకు తగలగానే పాత కోపం లేచింది. అందుకే చెబుతున్నాను, తను రాస్తోంది. నాకు అంకెలూ సంతకమూ తప్ప రావు.

నా మొగుడు బేతంచెర్ల నుంచి బండలు తోలే లారీ మీద పనిచేసేవాడు. ఆ బండల కిందే పోయాడు. అప్పటికి నా చంకలో బిడ్డ. బజారులో రైకలు కుట్టే రాహేలక్క పిలిచి, గుండీలు కుట్టమని కూర్చోబెట్టింది. మెత్తని మనిషి కాదు. కుట్టు వంకరపోతే టేపుతోనే చేతి మీద కొట్టేది. కొలతకు ఎంత కావాలో అంత కత్తిరించినా, కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదలాల్సిందే. "మనిషి ఒగే తీరుగ ఉండదు మే. రేపు కాన్పైతాది, లావైతాది. అప్పుడు యాడికి పోతాది?" అనేది. ఆమె టేపుకు ఒక పక్క అంగుళాలు, రెండో పక్క సెంటీమీటర్లు. పొరపాటున ఎవరూ చూడకుండా ఆ రెండో పక్కంతా ఎర్ర గుడ్డ అంటించి మూసేసింది.

ఆ రోజుల్లోనే సర్కారువాళ్లు నంద్యాలలో కుట్టు పరీక్ష పెట్టారు. పాసైన విధవకు మిషను ఇస్తామన్నారు. మిషనుంటే నా బిడ్డకు ఇంకొకరి ఇంటి గంజి అక్కర్లేదు. రాహేలక్క టేపే తీసుకొని బస్సెక్కి పోయాను. పరీక్ష పెట్టే ఆయన గుడ్డముక్క ఇచ్చి, రైక కత్తిరించమని కొలతలు చదివాడు. చాతీ ఎనభై ఆరు అన్నాడు. నా చేతిలో టేపు అరవై అంగుళాలకే అయిపోతుంది. నిజంగానే అర్థం కాక అడిగాను.

"అయ్యా, ఇది ఆడమనిషికా, ఎనుముకా?"

హాలంతా నవ్వింది. గేదె పేరెత్తి ఎగతాళి చేస్తున్నానని ఆయనకు ఒళ్లు మండింది. మీటర్లు వచ్చి ఎన్నేళ్లయింది, టేపు తిప్పి చూడడం కూడా రానిదానికి మిషనెందుకని, పేరు కొట్టేసి బయటికి పంపాడు. నేనడుగుతున్నాను: ఆయన కాళ్ల కింది బండలు చదరపడుగుల లెక్కన వచ్చినవి కావా? ఆయన ఇంటిజాగా గజాల్లో కొన్నది కాదా? ఆయన చొక్కా మెడ కొలత ఏ పక్క చూసి రాసుకున్నారు? వాళ్ల ఇళ్లల్లో, వాళ్ల ఒళ్ల మీద అంగుళాలు ఉండొచ్చు, నా నోట్లో ఉంటే తప్పు. టేపుకు రెండు పక్కలు పెట్టినోళ్లు, ఏ పక్క నుంచి కూడు వస్తుందో మాకు చెప్పలేదు.

తిరిగొచ్చి టేపు రాహేలక్క ముఖాన కొట్టాను. ఎందుకు మూసినావని బజారంతా వినేటట్టు అరిచాను. తప్పు నాదని ఒక్క మాట అనలేదు ఆ మొండిది. ఈడ ఎవరన్నా సెంటీమీటర్లల్లో ఒళ్లు చెబితే నేర్పించేదాన్ని కదా అంది. తర్వాత లేచి, తన మిషను ముందున్న పీట నా వైపు జరిపింది.

"కూచో. పొద్దున నువ్వు తొక్కు, మాపటేల నేను తొక్కుతా. కోపంగ తొక్కాకు, దారం తెగుతాది."

అట్లా తన బేరంలో సగం నాకు వదులుకుంది. ఆమె పోయేదాకా ఒకే మిషను మీద రెండు కొంపలు బతికాయి. ఎర్ర గుడ్డ మాత్రం పీకలేదు. నేనూ కోపం మానలేదు.

ఆమె పోయినాక నేనే కొలిచాను, నెత్తి నుంచి మడమ దాకా. టేపు ఎక్కడ అయిపోయిందో ఆమె కూడా అక్కడే అయిపోయింది. అరవై. సరిగ్గా అయిదడుగులు. పెట్టె చేసే వడ్రంగికి మాత్రం అయిదడుగుల రెండంగుళాలు అన్నాను. ఎక్కువైతాది గదమ్మా అన్నాడు.

"లోపల రెండంగుళాలు ఇడ్సిపెట్టల్లప్పా" అన్నాను.

సాగిపోయినా రాహేలక్క టేపే నా మెడలో ఉంటుంది. ఎర్ర గుడ్డ నల్లబడింది. కొత్తది సుజాతకే ఇచ్చేశాను.

ఏం సుజాతా, నేను అంగుళాలన్నచోట అంగుళాలనే రాసినావా? సదువుకున్నదానివి, దిద్దుంటావ్. ఏదీ, మొదట్నించి సదువు, వింటా.